పులికి పగ లేదు

కర్ణాటకలోని శృంగేరిలో, తుంగానది ఒడ్డున ఒక చిన్న శిల్పం ఉంది. ప్రసవవేదన పడుతున్న కప్పకు నాగుపాము పడగ పట్టి నీడనివ్వడం అందులోని దృశ్యం. జాతివైరం గల ప్రాణులు కూడా స్నేహంగా ఉండడం చూచి, ఆదిశంకరులు ఆ చోటును పీఠస్థాపనకు ఎంచుకొన్నారని స్థలపురాణం చెబుతుంది. మంచి రాజు పాలనను పొగిడేటప్పుడు కూడా పులీ ఆవూ ఒకే రేవులో నీళ్ళు తాగాయని పెద్దలు చెప్పేవారు. బలవంతుడి వల్ల బలహీనుడికి భయం లేని లోకం కావాలన్న కోరికే ఈ మాటల్లో ఉంది.

ఇటువంటి వింతలు అప్పుడప్పుడు నిజంగానే జరుగుతాయి. కెన్యా దేశంలో సంబురు అనే అభయారణ్యం ఉంది. 2001 డిసెంబరులో అక్కడి ఆడసింహం ఒకటి ఓరిక్స్ అనే జింకజాతి పిల్లను చేరదీసింది. దాన్ని తినలేదు సరికదా, పక్కనే పడుకోబెట్టుకొని రెండు వారాలపాటు కాపలా కాసింది. స్థానికులు ఆ సింహానికి 'కమున్యాక్' అని పేరు పెట్టారు. ధన్యురాలు అని దాని అర్థం.

రష్యాలో వ్లాదివోస్తోక్ నగరానికి సమీపంలోని ఒక సఫారీ పార్కులో 2015 నవంబరులో మరొక వింత జరిగింది. ఆమూర్ అనే పులికి ఆహారంగా ఒక మేకపోతును వదిలారు. అది బెదరలేదు. పులి దాన్ని చంపలేదు. రెండూ కలిసి తిరిగాయి. ఆ మేకకు తైమూర్ అని పేరు వచ్చింది.

ఇటువంటి వార్తలు విన్నవారు, "పులి కూడా మంచిదైపోయింది, మనిషే మారలేదు" అంటారు. వినడానికి ఈ మాట బాగానే ఉంటుంది. కాని ఆ కథలు అక్కడితో ముగియలేదు. కాపలా కాస్తున్నన్నాళ్ళు సింహం వేటకు పోలేక చిక్కిపోయింది. తల్లిపాలు కరవై పిల్ల కూడా నీరసించింది. చివరకు ఒక మగసింహం ఆ పిల్లను చంపింది. 2016 జనవరిలో విసిగిపోయిన ఆమూర్ మేకను మెడ పట్టి విసిరేసింది. మేక గాయపడడంతో రెండింటినీ వేరు చేశారు.

అంతమాత్రాన ఆ సింహం ప్రేమ అబద్ధమని అనకూడదు. ఆ ప్రేమ నిజమే. అయితే దూడకు కావలసిన పాలు ఇవ్వడం దానివల్ల కాలేదు. ఎదుటి ప్రాణికి ఏది అవసరమో తెలియని ప్రేమ, ఎంత గొప్పదైనా, దాన్ని బతికించలేదు. వినోదం కోసం వేటజంతువునూ సాధుజంతువునూ ఒకే బోనులో పెట్టేవారు ఈ సంగతి గుర్తించాలి.

ఇక పులి మంచిది కావడమనే మాటకు అర్థమే లేదు. పులి గడ్డి తిని బతకలేదు. దాని పళ్ళు, పేగులు మాంసానికి తగినట్లే ఏర్పడ్డాయి. అది వేటాడకపోతే దాని కూనలు ఆకలితో చస్తాయి. ఆకలి నేరం కాదు. పగ వేరు. కడుపు నిండినా తీరనిది పగ. కడుపు నిండిన పులి సాధారణంగా దారిన పోయే జింక జోలికి పోదు. జాతివైరం అన్న పేరు మనిషి పెట్టిందే. పులికి తెలిసింది ఆకలి మాత్రమే.

ఆకలి లేకుండానే, భాష వేరనో ఊరు వేరనో పక్కవాణ్ణి ద్వేషించేది మనిషి. ఆ ద్వేషం వద్దని తనకు తాను చెప్పుకోగలిగినవాడు కూడా మనిషే. పులి తన స్వభావాన్ని మార్చుకోలేదు. దానికి కావలసింది మెచ్చుకోలు కాదు, బతకడానికి అడవి. శృంగేరి శిల్పం చెప్పే నీతి పాముకూ కప్పకూ కాదు, దాన్ని చూడవచ్చిన మనిషికి. పులీ మేకా స్నేహంగా ఉంటే అది వింత. మనిషీ మనిషీ స్నేహంగా ఉండడం వింత కాకూడదు.