టీపాట్‌కి గోత్రం అడుగుతున్నారు

గ్లేజు వెయ్యని మట్టి టీపాట్ ఒకటి కొనుక్కుందామని ఇంటర్నెట్‌లో ఓ గంట తిరిగి చూడండి. రెండే దారులున్నాయని నమ్మి బయటికొస్తారు. యీషింగ్‌లో పేరున్న కళాకారుడి చేతి పాట్‌కి నెల జీతం పొయ్యాలి, లేదంటే చవక పాట్ కొని రోజూ కొంచెం కొంచెంగా విషం తాగాలి. మూడో దారి లేదట. ఇది అబద్ధం. పైగా అమ్ముకునేవాళ్లకి బాగా పనికొచ్చే అబద్ధం.

ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. యీషింగ్ తూర్పు చైనాలో, జియాంగ్సు రాష్ట్రంలో ఉంది. అక్కడి కొండల్లో దొరికే రాయిలాంటి మట్టిని పొడికొట్టి, నానబెట్టి, మాగబెట్టి టీపాట్లు చేస్తారు. ఆ మట్టినే 'జిషా' అంటారు. సారె మీద తిప్పరు, పలకలుగా సాగగొట్టి అతుకుతారు. ఐదొందల ఏళ్ల పనితనం, అందులో నాకు సందేహం లేదు. 2010లో గూ జింగ్‌జౌ చేసిన ఒక పాట్ వేలంలో కోటి ఇరవై లక్షల యువాన్లు దాటింది. అదే ఏడాది మే నెలలో చైనా ప్రభుత్వ టీవీ ఒక కథనం వేసింది. మామూలు మట్టిలో ఐరన్ ఆక్సైడ్, మాంగనీస్ లాంటివి రంగు కోసం కలిపి జిషా పేరుతో అమ్ముతున్నారని. ఒక పెద్ద గృహోపకరణాల కంపెనీ తన 'జిషా' వంటపాత్రల విషయంలో క్షమాపణ కూడా చెప్పింది.

అప్పట్నుంచీ రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకటైపోయాయి. ఇది అసలుదా? ఇది సురక్షితమా? మొదటిది మోసానికి సంబంధించింది, రెండోది ఆరోగ్యానికి సంబంధించింది. అసలుదైతే సురక్షితం, కానిదైతే విషం అని ఎవరు తేల్చారు? జిషాకి ఆ ఎరుపూ ఊదా వచ్చేదే సహజంగా ఉన్న ఇనుము వల్ల. జపాన్‌లో తొకొనామె ఊరి ఎర్ర టీపాట్లు చూడండి. ఇప్పటి మట్టిలో చాలావరకు ఆ ఎరుపు కోసం ఐరన్ ఆక్సైడ్ కలుపుతారు. అందరికీ తెలుసు, ఎవరూ దాచరు, ఎవరూ భయపడరు. ఆ ఊరివాళ్లకి 1878లో ఈ విద్య నేర్పడానికి వచ్చిన జిన్ షిహెంగ్ యీషింగ్ మనిషే. అదే ఆక్సైడ్ చైనాలో చవక పాట్‌లో పడితే 'కెమికల్', జపాన్‌లో పడితే 'సంప్రదాయం'! కలిపారా అని కాదు, చెప్పి కలిపారా అని అడగాలి. ఏం కలిపారు, ఎంత వేడికి కాల్చారు అని అడగాలి. కోబాల్ట్, క్రోమియం, బేరియం కలిపేవాళ్లున్నారు, వాటి విషయంలో జాగ్రత్త న్యాయమే. అందుకే నీలం, పచ్చ రంగుల్లో మెరిసే 'జిషా' జోలికి వెళ్లొద్దంటాను.

నా మొదటి పాట్ కథ చెప్తాను. 'ఒరిజినల్ ఖనిజం' అని సర్టిఫికెట్ కార్డుతో వచ్చింది. కార్డు మీద కళాకారుడి ఫొటో, ముద్ర. మూడు వారాలు వేడినీళ్లు పోసినా ఎర్రగా రంగు దిగుతూనే ఉంది. ఎన్ని డిగ్రీల్లో కాల్చారండీ అని అడిగితే అమ్మినాయన ముద్ర ఫొటో మళ్లీ పంపాడు. గోత్రం ఉంది, జవాబు లేదు.

ఇక ఇంటి పరీక్షలు. మూత తడితే మోగాలి, నీళ్లు జారకుండా ఇంకాలి, వేడినీళ్లు పోస్తే వాసన రాకూడదు. వీటితో ఎంత గట్టిగా కాలిందో కొంత తెలుస్తుంది, లోహాల సంగతి ఏమీ తెలియదు. అది ల్యాబ్‌లో తేలాల్సిందే. ల్యాబ్ కాగితానికీ హద్దుంది. చైనాలో పింగాణీ, మట్టి పాత్రల ప్రమాణం ప్రధానంగా సీసం, కాడ్మియం ఎంత దిగుతున్నాయనే చూస్తుంది. యూరప్ 1984లో తెచ్చిన నిబంధన కూడా ఆ రెంటికే. సీసం భయం ఎక్కువగా గ్లేజుతోనూ రంగులతోనూ వస్తుంది కాబట్టి, గ్లేజు లేని పాట్‌కి అక్కడ కాస్త నయమే. అంతమాత్రాన అన్నీ తేలిపోయినట్టు కాదు.

మరి ఏది కొనాలి? నన్నడిగితే తొకొనామె మామూలు కర్మాగారపు పాట్. అక్కడ మూడు నాలుగు వేల యెన్లకి రోజువారీ పాట్ దొరుకుతుంది, ఆహార పాత్రల మీద చట్టం కూడా ఉంది. పోతపోసిందని చిన్నచూపు చూస్తారు కొందరు. మన వాష్‌బేసిన్ కూడా పోతపోసిందే, దాని వల్ల ఎవరూ చావలేదు. లేదా గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో చావోజౌ ఎర్రమట్టి పాట్. సారె మీద తిప్పింది, పల్చటిది, పేరు మోయదు గనక ధరా మోయదు. రెండూ కుదరకపోతే తెల్ల పింగాణీ మూతకప్పు కొనుక్కోండి, టీకి ఏ లోటూ రాదు. 'మట్టి జ్ఞాపకం పెట్టుకుంటుంది, ఇరవయ్యేళ్లకి ఉత్త వేడినీళ్లు పోసినా టీ వస్తుంది' అనే కథ వినడానికి బావుంటుంది. అంతే.

వెనకాల ఇంకో గుంపు ఉంది, 'మన కుమ్మరి చేసిందైతే సహజం, అదే కొనండి' అనేవాళ్లు. ప్రేమ సరే. మన మంచినీళ్ల కుండ వెయ్యి డిగ్రీల లోపే కాలుతుంది. అందుకే చెమ్మ బయటికొస్తుంది, అందుకే నీళ్లు చల్లబడతాయి. ఆ గుణమే టీపాట్‌లో రోగం. ఇంకిన టీ ఆరదు, మూత పెట్టి వదిలేస్తే బూజు పడుతుంది. జిషా 1100 డిగ్రీలు దాటి కాలుతుంది కాబట్టే పని చేస్తుంది. కాల్పు పెంచిన పాట్ మన కుమ్మరి ఎవరైనా చేస్తే మొదట నేనే కొంటాను, గ్లేజు లేకుండా.

ఇంకో సంగతి. ఇదంతా పాలు లేని టీకి మాత్రమే. అల్లం దంచి పాలు పోసి మరిగించే ఇంట్లో ఈ పాట్ ఏ ఊరిదైనా వద్దు, పాలు మట్టిలో ఇంకి పులుస్తాయి. స్టీలు గిన్నె చాలు. మిగతావాళ్లు నూట యాభై మిల్లీలీటర్ల పాట్‌తో మొదలుపెట్టండి. సబ్బు పెట్టకుండా వేడినీళ్లతో కడిగి, మూత తీసి బోర్లించండి. అమ్మేవాళ్లని మాత్రం ఇది ఎవరు చేశారని కాదు, ఇందులో ఏముంది, ఎంతకి కాల్చారు అని అడగండి.