తివాచీ చట్టము, చేతిఫోను తగవు

ఏ ఫోను మేలను వాదము నేడు రచ్చబండ మొదలు రైలుబండి వఱకు అన్నిచోట్లను వినవచ్చుచున్నది. ఐఫోను పక్షమువారు ఎదుటివారిని అనుకర్తలని ఆక్షేపింతురు. ఆండ్రాయిడ్ పక్షమువారు ఐఫోను పట్టినవారిని డాబుకొఱకు డబ్బు పారబోయువారని పరిహసింతురు. శైవవైష్ణవ వివాదములను తలపించు పట్టుదలతో చదువుకొన్న పెద్దమనుష్యులే ఈ కలహమున దిగుచున్నారు. ఇందలి గెలుపోటములతో మాకు నిమిత్తము లేదు. ఎవరి డబ్బు వారిది, ఎవరి రుచి వారిది. కాని ఈ వాదము వెనుక సామాన్యునికి సంబంధించిన ధర్మసందేహ మొకటి యున్నది. వస్తువుయొక్క రూపము ఎవని సొత్తు? ఆ సొత్తుపై హక్కు ఎంతవఱకు సాగవలెను? కొనువాని స్వేచ్ఛకు నిజముగా అడ్డుపడుచున్నది రూపమును అనుకరించిన వాడా, లేక దారికి గడియ పెట్టిన వాడా? ఈ ప్రశ్నలను గూర్చి మా యభిప్రాయమును పాఠకుల ముందుంచుచున్నాము.

జరిగిన కథను ముందుగా చెప్పుట యుక్తము. 2007 జనవరిలో ఆపిల్ సంస్థ తన మొదటి ఐఫోనును లోకమునకు చూపెను. మీటలు నిండిన ఫోనులు రాజ్యమేలుచుండిన కాలమది. ముఖమంతయు అద్దమై, వ్రేలితో తాకినంతనే పని జరుగు ఈ పరికరము ఆ వర్తకమునే తలక్రిందులు చేసెను. మఱుసటి యేడు గూగుల్ వారి ఆండ్రాయిడ్ వ్యవస్థతో మొదటి ఫోను వెలువడెను. ఆ వ్యవస్థను చేపట్టిన తయారీదారులలో కొరియా దేశపు శాంసంగ్ సంస్థ అగ్రగామి యయ్యెను. ఐఫోనులోని చిప్పులలో కొన్నింటిని ఆపిల్ సంస్థకు అమ్ముచుండినదియు ఈ శాంసంగే. 2011 ఏప్రిలులో ఆపిల్ తన సరఫరాదారుమీదనే కాలిఫోర్నియాలో దావా వేసెను.

ఆ దావాలో ఇతర హక్కులతోపాటు మూడు రూపహక్కులు ముఖ్యముగా నిలిచినవి. గుండ్రని మూలలు గల నల్లని అద్దపు ముఖ మొకటి. దాని చుట్టు నుండు అంచుపట్టెతో కూడిన ముఖము రెండవది. రంగురంగుల చిహ్నములు వరుసలు తీరియుండు తెర మూడవది. 2012 ఆగస్టులో జ్యూరీ ఆపిల్ పక్షమున తీర్పు చెప్పి, 104 కోట్ల డాలర్లకు పైగా పరిహారము విధించెను. అప్పీళ్లు, పునర్విచారణలు జరిగిన పిదప ఆ మొత్తము తగ్గినది. 2015 డిసెంబరులో శాంసంగ్ 54 కోట్ల 80 లక్షల డాలర్లు చెల్లించెను. అందులో 39 కోట్ల 90 లక్షలు కేవలము ఆ మూడు రూపహక్కుల పద్దు క్రిందనే!

శాంసంగ్ నిర్దోషియని మేము చెప్పుటలేదు. తమ ఫోనును ఐఫోనుతో అంశమంశముగా పోల్చి, ఎక్కడెక్కడ దానివలె దిద్దుకొనవలెనో వివరించిన 132 పుటల శాంసంగ్ పత్రము విచారణలో బయటపడినది. ఒకని శ్రమఫలమును మఱియొకడు ఎత్తివ్రాసికొనుట వర్తకధర్మము కాదు. అట్లని ఆపిల్ మాత్రము ఎవరివద్దను ఏమియు నేర్వక ఎదిగినది కాదు. 1979లో ఆ సంస్థవారు జిరాక్స్ కంపెనీ ప్రయోగశాలకు వెళ్లి, తెరపై కిటికీలవలె తెరచుకొను పుటలను, బొమ్మల గుర్తులను చూచి వచ్చిరి. అందుకు ప్రతిగా జిరాక్స్ వారికి తమ వాటాలు కొను అవకాశమిచ్చిరి. ఆ భావములను తీర్చిదిద్ది కంప్యూటరులను చేసిరి. 1988లో మైక్రోసాఫ్టు తమ తెరపోలికను అపహరించినదని దావా వేసిరి. 1994లో అప్పీలు న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చెను. విద్యలన్నియు ఇచ్చిపుచ్చుకొనుటచేతనే పెరిగినవి. మొదటివానికి ప్రతిఫలము ముట్టవలసినదే, కాని తరువాత వచ్చువారికి దారి మూసివేయరాదు.

మఱి ఈ రెంటికి నడుమ గీటు ఎక్కడ గీయవలెను? పొలమునకు గట్టున్నది, సరిహద్దు రాయి యున్నది. తగవు వచ్చిన కరణము లెక్క లున్నవి. రూపమునకు గట్టేది? 2011లో జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్ న్యాయస్థానము శాంసంగ్ వారి పలక కంప్యూటరు అమ్మకమును నిషేధించెను. 2012లో లండను న్యాయస్థానము అదే పలకను పరిశీలించి, ఆపిల్ రూపహక్కునకు ఉల్లంఘనము జరుగలేదని చెప్పెను. పైగా ఆ తీర్పును ఆపిల్ సంస్థయే ప్రకటింపవలెనని ఆజ్ఞాపించెను. చూచు కన్నునుబట్టి మాఱు హక్కు ఇది. ఇట్టి హక్కునకు విధించు శిక్షయందు న్యాయస్థానములు మితము పాటింపవలదా?

అమెరికా చట్టమున ఆ మితము లేకపోవుటకు కారణము తెలిసికొనదగినది. అది చేతిఫోను కొఱకు పుట్టిన చట్టము కాదు, తివాచీల కొఱకు పుట్టినది. ఫిలడెల్ఫియాలోని డాబ్సన్ అను తివాచీ వ్యాపారులు ఇతరుల అల్లికలను అనుకరించి అమ్మగా, హక్కుదారులు న్యాయస్థానమున కెక్కిరి. లాభములో ఎంత భాగము అల్లికవలన వచ్చినదో నిరూపింపలేదని 1885లో అక్కడి సుప్రీంకోర్టు పరిహారమును 6 సెంట్లకు కుదించెను. ఇది అన్యాయమని ఆ దేశపు కాంగ్రెసు 1887లో శాసనము చేసెను. అపహరించిన రూపముతో వస్తువును అమ్మినవాడు దానిపై పొందిన లాభమంతయు హక్కుదారునకు ఈయవలెననుట దాని సారాంశము. ఆ నియమమే నేటికిని నిలిచియున్నది.

తివాచీ విషయమున ఇది సబబే. ఏలూరు తివాచీల నెఱిగిన మన పాఠకులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కఱలేదు. తివాచీలో అల్లికయే ప్రాణము. కొనువాడు పూవును, తీగను, రంగుల పొందికను చూచి కొనును. ఆ అల్లికను దొంగిలించినవాడు సరకు సారమునే దొంగిలించినవాడగును. చేతిఫోను అట్టిది కాదు. అందు మాటను మోయు యంత్రము, దారి చూపు యంత్రము, ఛాయాచిత్రము తీయు కన్ను, లెక్కలు కట్టు చిప్పు, రోజంతయు నడిపించు బ్యాటరీ ఇమిడియున్నవి. మూలలు గుండ్రముగా నున్నవని మాత్రమే ఎవడైనను ఫోను కొనునా? గుమ్మమున తోరణము అనుకరించెనని ఇల్లంతయు వ్రాసియిమ్మని అడిగినట్లున్నది తివాచీ చట్టమును ఫోనునకు వర్తింపజేయుట.

ఈ సంగతిని 2016 డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా గుర్తించినది. లాభమును లెక్కగట్టవలసిన వస్తువు అమ్మిన ఫోను మొత్తమే కానక్కఱలేదు, అందలి భాగమైనను కావచ్చునని ఆ తీర్పు. కాని ఆ భాగమును నిర్ణయించు కొలత ఏదియో ఆ న్యాయస్థానము చెప్పక, వ్యాజ్యమును క్రిందికి పంపెను. ఫలితమేమి? 2018 మే మాసమున కొత్త జ్యూరీ రూపహక్కుల క్రింద 53 కోట్ల 33 లక్షల డాలర్లు విధించెను. మునుపటికంటె ఇది హెచ్చు! సూత్రము సడలినను శిక్ష పెరిగినది. మఱుసటి నెలలో ఇరువురును రాజీపడిరి, షరతులు బయటపెట్టలేదు. ఏడేండ్ల వ్యాజ్యము అట్లు ముగిసినది.

ఆ యేడేండ్లలో కొనువానికి ఒరిగినదేమి? పరిహారములును, న్యాయవాదుల రుసుములును కడకు సరకు ధరలోనే చేరును గదా! అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి. పెద్దలిద్దరు మూలల గుండ్రదనమును గూర్చి పోరాడుచుండగా, కొనువాని యసలు స్వేచ్ఛ మఱియొక ద్వారమున జాఱిపోయినది. బ్లాక్‌బెర్రీ, నోకియా, మైక్రోసాఫ్టు వారి ఫోను వ్యవస్థలన్నియు అంతరించినవి. చైనాను విడిచిన, నేడు లోకమంతటను మిగిలినవి ఇంచుమించు రెండే. అంగడిలో పేర్లు, రంగులు, వెలలు పదులకొలది కనబడవచ్చును. లోపల నడుపువారు ఇద్దరే. మన దేశమున నూటికి తొంబదికి పైగా ఫోనులు ఆ యిద్దరిలో ఒక్కరి వ్యవస్థతోనే నడచుచున్నవి.

దీనిని రైతు భాషలో చెప్పవలెనన్న, పొలము మనది, డొంక పరునిది. ఫోనును మనము రొక్కమిచ్చి కొంటిమి. కాని అందు చేరు పనిముట్లు చాలవఱకు వ్యవస్థాధిపతి అంగడి మీదుగానే వచ్చుచున్నవి. ఒక గృహస్థు పదియేండ్లు ఒక పక్షమున నుండి రెండవ పక్షమునకు మాఱదలచిన, కొనుక్కొన్న యాపులు అక్కడనే యుండిపోవును. తోడి పరికరములు పొసగవు. ఫోను ధర చూచి మాఱువాడు మాఱుటకైన ధర తరువాత తెలిసికొనును. ఎంపిక యనగా మొదటి నాడు కొనుట మాత్రమేనా? నచ్చనినాడు విడిచిపోవు వీలుండుట కూడ ఎంపికయే.

ఈ విషయమున మన కాంపిటీషన్ కమిషన్ చేసిన పని ప్రశంసింపదగినది. 2022 అక్టోబరులో ఆ సంఘము గూగుల్‌పై 1,337 కోట్ల 76 లక్షల రూపాయల జరిమానా విధించెను. తమ యాప్‌ల అంగడి కావలెనన్న, తమ యితర యాపులన్నియు ఫోనులో ముందుగానే అమర్చి ముందు వరుసను నిలుపవలెనని తయారీదారులను నిర్బంధించుట అధికార దుర్వినియోగమని తేల్చెను. 2023 జనవరిలో గూగుల్ తన నిబంధనలను మన దేశమున కొంత సడలించెను. అదే సంవత్సరము మార్చిలో అప్పీలు న్యాయాధికరణము జరిమానాను స్థిరపఱచెను. కాని పది ఆదేశములలో నాలుగింటిని కొట్టివేసెను. ముందుగా అమర్చిన యాపులను కొనువాడు తొలగించుటకు అడ్డు చెప్పరాదను ఆదేశము ఆ నాలుగింటిలో చేరియుండుట మాకు విచారకరము. మన యింటిలో మనకు అక్కఱలేని బల్లను మనము బయట పెట్టుకొనలేమా?

వ్యవస్థాధిపతుల సమాధానమును కూడ వినవలెను. తలుపులన్నియు తెరచినచో దొంగలు చొరబడుదురనియు, తమ కావలి యుండబట్టియే సామాన్యుని బ్యాంకి ఖాతా భద్రముగా నున్నదనియు వారందురు. ఆండ్రాయిడ్‌ను తయారీదారులకు ఉచితముగా నిచ్చుచున్నందున దాని ఖర్చును మఱియొక విధమున రాబట్టుకొనక తప్పదని గూగుల్ పక్షమున వాదింతురు. ఈ మాటలలో సత్యము లేకపోలేదు. ఫోను వచ్చిన సందేశమును నమ్మి సొమ్ము పోగొట్టుకొన్నవారు ప్రతి యూరను ఉన్నారు. కాని కావలివాని జీతము వేఱు, ఇంటి పెత్తనము వేఱు. దొంగ యాపును నిలుపుటకు అధికారముండవచ్చును. పోటీదారుని మంచి యాపును వెనుకవరుసకు నెట్టుటకు ఆ యధికారము చాలదు.

ఇఁక మన చట్టము సంగతి. 2000 సంవత్సరపు డిజైనుల చట్టము రూపహక్కును మొదట 10 ఏండ్లకు, పొడిగించుకొన్న మఱి 5 ఏండ్లకు ఇచ్చుచున్నది. కేవలము యాంత్రిక సాధనమైనదానిని రూపముగా అంగీకరింపదు. అపహర్త నుండి ఋణమువలె రాబట్టదగిన మొత్తమునకు ఒక్కొక్క రూపమునకు 50,000 రూపాయల పరిమితి పెట్టినది. అంతకు మించి కావలెనన్న నష్టపరిహారమునకు దావా వేయవలెను. ఈ మితము పెద్ద సంస్థలకు అల్పముగా తోచవచ్చును. 2023లో కలకత్తా హైకోర్టు తెరపై కనబడు అమరిక కూడ రూపముగా నమోదు కాదగునని అభిప్రాయపడినది. కావున ఐఫోను చిహ్నముల తగవువంటివి ఇకమీదట మన న్యాయస్థానములకును రావచ్చును. 2015లో నేటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీయందు చేతిఫోనుల తయారీ మొదలయ్యెను. ఇతరుల రూపములకు కూలికి అచ్చుపోయుటతో మన యువకులు తృప్తిపడరాదు. రేపు వారు సొంత ఫోనును కల్పించినపుడు, ప్రతి మూలకును ప్రతి చిహ్నమునకును పరదేశపు హక్కుదారుడు కాచుకొని యున్నచో, వారి మూలధనము వ్యాజ్యములకే చాలదు.

కాబట్టి మా యభిప్రాయమిది. రూపహక్కును కాపాడవలెను. చేతిపనివాడు కల్పించిన కొత్త అందము పెద్ద కర్మాగారముల పాలు కాకుండుటకు అది యవసరము. కాని పరిహారము ఆ రూపమువలన వచ్చిన లాభమునకు తగినంతయే యుండవలెను, వస్తువు మొత్తము లాభముపై పోరాదు. చేతిలో ఇముడుటకును, కంటికి తెలియుటకును తప్పనిసరియైన ఆకృతి ఎవరి సొత్తును కారాదు. ఆ కాఠిన్యమును రూపమునుండి దారికి మరల్పవలెను. అక్కఱలేనిదానిని తొలగించు హక్కు, నచ్చినదానిని అమర్చుకొను హక్కు, తన సామగ్రితో మఱియొక వ్యవస్థకు తరలిపోవు హక్కు కొనువానికి చట్టమున స్పష్టముగా నుండవలెను.

ఏ ఫోను మేలని వాదులాడు మిత్రులకు మా మనవి యొక్కటే. మీ చేతిలోని ఫోను గొప్పదే కావచ్చును. దానిని మీరు మెచ్చి యుంచుకొన్నారా, విడువలేక యుంచుకొన్నారా యని ఒక్క నిమిష మాలోచింపుడు. మెచ్చి యుంచుకొన్నచో ఆ సంస్థకు అది కీర్తి. విడువలేక యుంచుకొన్నచో అది మన లోపము, మన శాసనకర్తల లోపము. దానిని దిద్దుకొనుట మన చేతిలోనే యున్నది.