రెండు చాదర్ల ఖైమా

ఈ ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో ఒక ఖైమా లేచింది. సూర్యాపేటలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. కిటికీ చువ్వ నుంచి తలుపు గొళ్ళెం దాకా బట్టలారేసే తాడు కట్టి, మా అమ్మీ పాత నూలు చీర ఒకటి, తన దుపట్టా ఒకటి దానిమీద వేసి, అంచులకు ఇటుక ముక్కలు పెట్టింది మా బేటీ. మొన్ననే ఎనిమిదో తరగతి అయిపోయింది. లోపల ఒక బొంత, తకియా, చార్జింగ్ లైటు, రెండు కాపీలు, రంగు పెన్సిళ్ళు. "అందర్ నక్కో ఆవో అబ్బా" అని ముందే హుకుం.

మూడో రోజు మేహ్మాన్లు వస్తున్నారని నేనే దాన్ని పీకేశాను. మనుషులను కూర్చోబెట్టాలంటే జాగా కావాలి కదా! పిల్ల ఏమీ అనలేదు. చీర మడతపెట్టి దాదీకిచ్చి, కాపీలు తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక దాచింది. మేహ్మాన్లు చాయ్ తాగి అరగంటలో పోయారు. ఆ కాపీలు దాచిన తీరు మాత్రం నన్ను వదల్లేదు. అట్లా దాచుకోవడం నాకు తెలుసు.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకుంటానంటే మొహల్లాలో నవ్వారు, కాలేజీలో ఇంకా నవ్వారు. నేను 'కళ' అంటే 'కల' అని వినపడేది. 'ణ' దగ్గర నాలుక మొరాయించేది. ఇంట్లో ఏడుగురం, పైకి చదివితే తమ్ముళ్ళ వెక్కిరింపు. అందుకని తఖ్త్ కిందికి దూరి, ముందు దుప్పటి వేలాడదీసుకుని గొణుక్కునేవాణ్ణి. 1998లో స్కైబాబ తెచ్చిన 'జల్‌జలా' కవితా సంకలనం ఆ దుప్పటి వెనకే చదివాను. మా ఇంట్లో మాట్లాడుకునే లఫ్జులు తెలుగు కవిత్వంలో దర్జాగా నిలబడొచ్చని అప్పుడే తెలిసింది. నేనూ రాయడం మొదలుపెట్టాను. ఎంత ఖరాబుగా రాశానో అల్లాకే తెలుసు. ఎవరికీ చూపించలేదు, చింపేశాను, మళ్ళీ రాశాను. ఆ ఖరాబు రాత రాసుకోవడానికి నాకొక జాగా దొరికింది కాబట్టే ఇవాళ అఖ్బారులో రాసి రోటీ సంపాదిస్తున్నాను.

ఇప్పుడు మనం పిల్లల్లో సృజన పెరగాలని సమ్మర్ క్యాంపులకు ఫీజు కడుతున్నాం. డ్రాయింగు, డ్యాన్సు, అబాకస్. తప్పని అనను. కానీ అక్కడ గీసే ప్రతి గీతా ఒకరికి చూపించడానికే. చివరి రోజు స్టేజీ, ఫోటో, వాట్సాప్ స్టేటస్. ఎవరూ చూడని ఒక గంట మాత్రం ఏ క్యాంపూ అమ్మదు. అది ఇంట్లోనే దొరకాలి, మన ఇళ్ళల్లో అదే దొరకదు.

ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వూల్ఫ్ 1929లో ఒక కితాబు రాసింది. ఆడమనిషి కథలు రాయాలంటే ఏడాదికి 500 పౌండ్ల ఆమ్దనీ, తనకంటూ ఒక గది ఉండాలంది. కోదాడలో మా ఫుప్పూకు ఆ రెండూ లేవు. ఢోలక్ గీతాలు అల్లడంలో ఆమెకు జవాబు లేదు. ఏ షాదీలోనైనా మెహందీ రాత్రి సమ్‌ధన్‌ను ఆటపట్టిస్తూ అప్పటికప్పుడు కట్టి పాడేది, జనానా అంతా విరగబడి నవ్వేది. కిరాణా లెక్కల కాపీ వెనక పేజీల్లో, అన్నం ఉడికేలోపు రాసుకునేది. ఎవరైనా వంటింట్లోకొస్తే కాపీ మూసేసేది. ఇల్లు మారేటప్పుడు ఆ కాపీలు పాత పేపర్లతో కలిసి కబాడీవాడి తక్కెడలోకి పోయాయి. తూకం వేసి ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడు నేను పెద్ద జర్నలిస్టును కూడా! ఇప్పుడు ఫుప్పూ లేదు, ఒక్క గీతమైనా నాకు పూర్తిగా గుర్తులేదు.

"నిజంగా టాలెంట్ ఉంటే ఎక్కడైనా రాస్తారండీ, దాశరథి జైల్లో రాయలేదా" అని ఒక దోస్తు అన్నాడు. రాశాడు. గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చిన ఆ దాశరథే నిజామాబాద్ జైల్లో బొగ్గుతో గోడమీద పద్యాలు రాశాడు. కానీ భాయ్, ఆ గోడ దగ్గర ఆయన్ను లేపి దస్తర్‌ఖాన్ పరవమన్నవాళ్ళు లేరు. పక్కన వట్టికోట ఆళ్వారుస్వామి లాంటి తోడు ఉన్నాడు. మా ఫుప్పూకు బొగ్గూ ఉంది, గోడా ఉంది, ఫుర్సత్ లేదు.

జాగా లేదనేది సగమే సచ్. మిర్యాలగూడలో మా ఆపా ఇంట్లో చూశాను. దూల్హాభాయ్ రైస్ మిల్లులో గుమాస్తా. వాళ్ళదీ రెండు గదులే. రంజాన్ ఇరవయ్యో రోజు మగ్రిబ్ నుంచి ఈద్ చాంద్ కనపడేదాకా ఆపా ఏతెకాఫ్ కూర్చుంటుంది. మగవాళ్ళు మస్జిదు మూలల్లో చాదర్లు కట్టుకుంటారు, ఆడవాళ్ళు ఇంట్లోనే ఒక మూలకు పరదా వేసుకుంటారు. రసూలుల్లా కూడా మస్జిదులో ఖైమా వేయించుకుని ఏతెకాఫ్ కూర్చున్నట్టు హదీసుల్లో ఉంది. ఆ పది రోజులు ఆపా ఇంట్లో సహరీ దూల్హాభాయ్ వండుతాడు, ఇఫ్తార్ పిల్లలు చూసుకుంటారు. కూరలో నమక్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. ఇల్లేమీ కూలిపోలేదు. "పది రోజులు నన్ను 'డబ్బా కహాఁ హై' అని ఎవరూ అడగరు" అని నవ్వుతుంది ఆపా.

ఇబాదత్‌నూ కవిత్వాన్నీ ఒకే తక్కెడలో వేస్తున్నానని ఎవరూ ఫత్వా తేవద్దు. నేనడిగేది సీదా సవాల్. ఖుదా కోసం పది రోజులు పరదా వేసి, ఆ పరదాకు ఇజ్జత్ ఇవ్వగలిగిన ఇల్లు, ఖుదా ఇచ్చిన హునర్ కోసం రోజుకొక గంట ఇవ్వలేదా? పిల్లకే కాదు, పిల్ల తల్లికి కూడా. మా బేగం మంచి కషీదా కుట్టేదని నాకు పెళ్ళయిన పదహారేళ్ళకు ఈమధ్యనే మళ్ళీ గుర్తొచ్చింది.

మళ్ళీ ఖైమా కట్టాం, ఈసారి నేనే. నాలుగు సంగతులు నేర్చుకున్నాను. మన ఎండలకు పాలిస్టర్ దుప్పటి పనికిరాదు, కొలిమి అవుతుంది. అరిగిన నూలు చీరే మేలు. కింద జానెడు ఖాళీ వదిలితే పంకా గాలి లోపలికి వస్తుంది. లోపల కరెంటు బల్బు, దోమల చుట్ట, అగర్‌బత్తీ పెట్టనివ్వద్దు, బట్ట అంటుకుంటుంది. తాడు గొళ్ళేనికి కాకుండా గోడ మేకుకు కడితే తలుపు తీసినప్పుడల్లా కూలదు. మేహ్మాన్లు వస్తే అరుగు మీద చాప వేస్తున్నాం. ఒక పెద్దాయన "యే క్యా తమాషా హై" అన్నాడు. చాయ్‌లో చక్కెర ఇంకో చెంచా వేసి ఇచ్చాను.

లోపల ఏం రాస్తుందో నేను చూడలేదు, అడగలేదు. నిన్న సాయంత్రం మాత్రం పరదా కొంచెం జరిగి తల బయటికొచ్చింది.

"అబ్బా, ఖ్వాబ్ అనే 'కల'కు ఏ ల?"

చెప్పాను. పరదా పడింది.