ఫోన్ లాక్కుంటే పిల్లలు నోరు విప్పరు

బడిలో దిగిన గ్రూపు ఫొటోలో కళ్లు సగం మూసుకుని పడిన ఒక అమ్మాయి ముఖాన్ని కత్తిరించి స్టిక్కర్‌గా మార్చడానికి నిమిషం చాలు. రాత్రి తొమ్మిదికి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరో దాన్ని పెడితే, పడుకునే వేళకు అది అందరి ఫోన్లలోనూ ఉంటుంది. మర్నాడు ఆ అమ్మాయి ‘కడుపు నొప్పి, బడికి పోను’ అంటుంది. అవ్వ వాము నమిలిస్తుంది. అసలు సంగతి ఏ పది రోజులకో బయటపడుతుంది. అప్పుడు మన ఇళ్లలో జరిగే మొదటి పని, పాప చేతిలోని ఫోన్ లాక్కోవడం.

కోపంతోనో భయంతోనో చేసినా, ఈ పని మానుకోవాలంటాను. ఏడిపించినవాళ్ల ఫోన్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఏడ్చిన పిల్లకే శిక్ష పడింది. ఇంట్లో చెబితే ఏమవుతుందో ఆమెకు అర్థమైపోయింది. ఇకపై ఇంతకన్నా పెద్ద కష్టం వచ్చినా చెప్పదు. ఫొటోలు అడిగి బెదిరించే మోసగాళ్లకు ఇదే పెట్టుబడి. ‘మీ ఇంట్లో తెలిస్తే నిన్నే తిడతారు’ అని వాళ్లు బెదిరిస్తారు. మనం తిట్టిన ప్రతిసారీ వాళ్ల మాటను నిజం చేస్తున్నాం.

మన ప్రాంతంలో ఈ సమస్యకు ఇంకో ముడి ఉంది. ధర్మవరంలో పెళ్లిళ్ల కాలం వస్తే మగ్గం దగ్గర నుంచి లేవడానికి తీరిక ఉండదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక, చుట్టుపక్కల షిఫ్టు డ్యూటీల ఇళ్లు పెరిగాయి. హిందూపురం నుంచి పని కోసం బెంగళూరుకు పోయి వచ్చేవాళ్లకు ఇంట్లో మిగిలేది రాత్రి భోజనం వేళే. ఆ సమయంలో పిల్లలకు తోడు అవ్వాతాతలు, ఫోను. ఇది తల్లిదండ్రుల తప్పు కాదు, బతుకుతెరువు. 2020 లాక్‌డౌన్‌లో పాఠాల కోసం చేతికిచ్చిన ఫోను, ఇప్పుడు చాలాచోట్ల హోంవర్కుకీ అవసరమైంది. లాక్కున్నా రెండు రోజుల్లో తిరిగి ఇవ్వక తప్పదు. పోయిన నమ్మకం మాత్రం అంత త్వరగా తిరిగి రాదు.

యునిసెఫ్ 2019లో 30 దేశాల్లో 13 నుంచి 24 ఏళ్ల వారిని అడిగితే, ముగ్గురిలో ఒకరు ఆన్‌లైన్ వేధింపులు ఎదుర్కొన్నామన్నారు. వాటి వల్ల బడి ఎగ్గొట్టామని ఐదుగురిలో ఒకరు చెప్పారు. మన చిన్నప్పుడూ వెక్కిరింతలున్నాయి. కానీ ఇంటి గంట కొట్టగానే ఆగేవి. ఇప్పుడు అవి పిల్లల వెంటే పడకగదిలోకి వస్తున్నాయి. నిద్ర తగ్గడం, తిండి మీద ధ్యాస లేకపోవడం, మనం పక్కకు రాగానే ఫోన్ తిప్పేయడం, కారణం లేకుండా బడంటే భయపడడం గమనిస్తే పక్కన కూర్చుని మెల్లగా అడగాలి.

అలాగని ఫోనుకు హద్దే వద్దా? తప్పకుండా ఉండాలి. రాత్రి పదికల్లా ఇంట్లోని ఫోన్లన్నీ, మనవి కూడా, హాల్లోనే చార్జింగ్‌కు పెట్టాలి. కానీ ఆ నియమం మామూలు రోజుల్లో, అందరికీ కలిపి పెట్టేది. పిల్ల ఏడుస్తూ చెప్పుకున్న రోజున వేసే శిక్ష కాకూడదు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదంది. మన 2023 డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. మంచిదే. అయితే పిల్లలతో మనసు విప్పి మాట్లాడించడం ఏ చట్టం వల్లా కాదు.

మరి ఏం చేయాలి? ముందు ‘చెప్పి మంచి పని చేశావు నాన్నా, తప్పు నీది కాదు’ అనండి. వేధించే మెసేజ్‌లు చెరిపేయకుండా తేదీ, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, తర్వాత బ్లాక్ చేయండి. అసభ్యమైన ఫొటో అయితే సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ పంపకండి. బెదిరించేవారికి డబ్బు కట్టకండి. క్లాసు గ్రూపు గొడవైతే ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడండి. బెదిరింపులైతే సైబర్ నేరాల నంబరు 1930కి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పోలీస్ స్టేషన్ అంటే పరువు పోతుందని జంకేవారు ఒకటి తెలుసుకోవాలి. లైంగిక వేధింపులైతే, 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. అధికారి యూనిఫాంలో రాకూడదు. పిల్లల పేరు బయటపెట్టకూడదు. దిగులు తగ్గకపోతే 14416 టెలిమానస్‌కు ఏ వేళైనా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు. ‘చచ్చిపోవాలనిపిస్తోంది’ అనే మాట వినబడితే ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

ఆ స్టిక్కర్ చేసింది మన పిల్లాడే అయితే? ‘పిల్లలాటలే’ అని వెనకేసుకురాకండి. గ్రూపులో దాన్ని తీయించి, ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పించండి. బంధువుల గ్రూపుల్లో ఒకరి రంగు మీదో లావు మీదో వచ్చే జోకులను మనం నవ్వుతూ పంపుతుంటే, వాడు నేర్చుకున్నది ఎక్కడో వెతకనక్కర్లేదు.

ఏదో జరిగేదాకా ఆగకుండా, ఈ ఆదివారమే అన్నాల వేళ పిల్లలకు మాటివ్వండి: ‘ఫోన్‌లో ఏం జరిగినా మాకు చెప్పు. చెప్పినందుకు ఫోన్ లాక్కోము.’ నైట్ షిఫ్టులో ఉంటే ఫోన్ చేసైనా చెప్పండి. అవ్వాతాతలకూ ఆ మాట తెలియాలి. మనం లేనప్పుడు పిల్లలు ముందుగా చెప్పుకునేది వాళ్లకే.