దోషం ఎక్కడుంది?

మా ఇంట్లో ఒక కంప్యూటరు ఉన్నది. అది కొన్నది కాదు, కట్టినది. మూడేళ్ళ కిందట, ఇంటరు సెలవుల్లో, మా వాడు నన్ను సికింద్రాబాదు తీసుకుపోయి, చెనాయ్ ట్రేడ్ సెంటరులో అంగడి అంగడీ తిప్పాడు. ఒకచోట మదర్‌బోర్డు, ఒకచోట ప్రాసెసరు, ఇంకోచోట కేబినెట్టు. పెళ్ళికి బట్టలు కొన్నా అంత తిరగలేదు. ఇంటికి వచ్చి, బల్ల మీద అన్నీ పరుచుకుని, రాత్రి రెండింటిదాకా బిగించి, "నాన్నగారూ, లేవండి! వెలిగింది!" అని నిద్ర లేపాడు.

నేను లేచి, చూసి, "కంపెనీవాళ్ళు బిగించి అమ్మేది కొనుక్కుంటే ఈ తంటా ఉండేది కాదు గదా!" అన్నాను. తండ్రులం గదా, మెచ్చుకోవలసిన చోట మనకు ఇలాంటి మాటలే వస్తాయి.

ఇప్పుడు వాడు ఇంజనీరింగు చదువుతూ హాస్టల్లో ఉన్నాడు. కంప్యూటరు మా దగ్గర ఉంది. మొన్న ఒక ఆదివారం సాయంత్రం స్విచ్చి నొక్కితే లోపల ఫ్యాన్లు తిరిగాయి, దీపం వెలిగింది, తెర మాత్రం కాటుకలా ఉండిపోయింది. ఆపాను, మళ్ళీ నొక్కాను. పక్కన ఒకటి తట్టాను. మా నాన్నగారు రేడియోను అలాగే తట్టేవారు, అది పలికేది. ఇది పలకలేదు.

నా పాఠాల నోట్సు పోతే పోయిందనుకునేవాణ్ణి. కాని అందులో మా అత్తగారి పాటలున్నాయి. నిరుడు కాలం చేశారావిడ. అంతకు ముందు సంక్రాంతికి వచ్చినప్పుడు మా ఆవిడ పక్కన కూర్చుని పెళ్ళిపాటలూ, హారతులూ, అప్పగింతల పాటలూ ముప్ఫై దాకా పాడించి రికార్డు చేసింది. ఫోనులో చోటు చాలక కంప్యూటరులోకి ఎక్కించి, ఫోనులోవి తుడిచేసింది. అంటే ఆ గొంతు ప్రపంచం మొత్తంమీద ఒక్క చోటే ఉన్నదన్నమాట.

మర్నాడు బజారులో ఒక దుకాణం అతన్ని పిలుచుకు వచ్చాను. అతను డబ్బా మూత కూడా తియ్యకుండా, స్విచ్చి ఒకసారి నొక్కి, "మదర్‌బోర్డు పోయిందండీ. దాంతోపాటు ప్రాసెసరు కూడా మార్చాలి. డిస్కు ఫార్మాటు చేసి ఇస్తాం" అన్నాడు.

"ఫార్మాటు అంటే?" అన్నది మా ఆవిడ.

"అంతా తుడిచేసి కొత్తగా పెడతామమ్మా."

మా ఆవిడ మాట్లాడలేదు. లేచి వెళ్ళి ఆ డబ్బాకు అడ్డంగా నిలబడింది. దుకాణం అతను కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరిమీద? మా వాడి మీద! ఫోను చేసి, "ఇంట్లో బిగించినవి ఇంతేరా, ఆనాడే చెప్పాను" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తరవాత వాడు, "నాన్నగారూ, ఫ్యాన్లు తిరుగుతున్నాయా?" అని అడిగాడు. నా మాటకు జవాబు చెప్పకుండా పని మొదలుపెట్టాడు. ఇహ అక్కణ్ణించి మూడు గంటలు వాడు గురువు, నేను శిష్యుణ్ణి.

తరగతిలో ఎవరైనా కుర్రవాడు ఛందస్సు తప్పిన పద్యం పట్టుకొస్తే నేను "పద్యం పోయింది, కొత్తది రాయి" అనను. పాదం పాదం విడదీసి, గణం గణం వేరు చేసి, "ఇదిగో, ఇక్కడ ఒక గురువు ఎక్కువైంది" అని వేలు పెట్టి చూపిస్తాను. మా వాడు నాచేత యంత్రానికి చేయించింది కూడా అదే.

మొదట తెరను విచారించాం. దాని తీగ తీసి టీవీ పెట్టెకు తగిలిస్తే బొమ్మ వచ్చింది. అంటే తెరా మంచిదే, తీగా మంచిదే. మా దాంట్లో వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు, ఆ పని ప్రాసెసరే చేస్తుంది. కాబట్టి ఒక అనుమానితుడు తగ్గాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కనక కరెంటు సప్లై మంచిదే గదా అన్నాను. "అప్పుడే తీర్పు చెప్పకండి నాన్నగారూ. అది 12, 5, 3.3 వోల్టులు మూడూ ఇవ్వాలి. ఫ్యాన్లకు 12 చాలు. మిగతా రెండూ సరిగా ఉన్నట్టు రుజువేమిటి?" అన్నాడు. ఒకందుకు సంతోషించాను. హేత్వాభాసం పట్టుకోవడం వీడికి ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

తరవాత, గోడ దగ్గర ప్లగ్గు పీకేసి, కంప్యూటరు స్విచ్చి పదిసార్లు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోమన్నాడు, లోపల మిగిలిన కరెంటు దిగిపోవడానికి. కేబినెట్టు ఇనుమును ఒకసారి ముట్టుకోమన్నాడు, ఒంటిమీది స్థిరవిద్యుత్తు పోవడానికి. పట్టుచీరలో ఉన్న వాళ్ళమ్మను దూరంగా ఉండమన్నాడు. కరెంటు సప్లై డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దన్నాడు. ప్లగ్గు తీసిన తరవాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుందిట.

మూత తియ్యగానే లోపలినించి ఒక బల్లి దూకింది. "అయ్యో, దేనిమీద పడిందో, పంచాంగంలో ఫలం చూడండి" అన్నది మా ఆవిడ. నేను, దోషి దొరికాడనుకున్నాను. దీనికి చరిత్ర కూడా ఉన్నది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్-2 అనే కంప్యూటరు మొరాయిస్తే, 70వ నంబరు రిలేలో ఒక చిమ్మటపురుగు దొరికింది. దాన్ని దినచర్య పుస్తకంలో అంటించి, 'నిజంగా పురుగు దొరికిన మొదటి సందర్భం' అని రాసుకున్నారు. యంత్రదోషాన్ని పురుగు అనడం అప్పటికే ఇంజనీర్లలో వాడుక, అదీ అందులో చమత్కారం. అయితే మా బల్లి నిరపరాధి. అది పోయిన తరవాత కూడా తెర చీకటిగానే ఉన్నది.

మూత తీసి ఉంచి స్విచ్చి వేస్తే మదర్‌బోర్డు ఒక మూల నాలుగు చిన్న దీపాలు కనిపించాయి: ప్రాసెసరుకొకటి, ర్యాముకొకటి, గ్రాఫిక్స్‌కొకటి, బూటుకొకటి. 1981లో ఐ.బి.ఎం. వారి పీసీ వచ్చిన నాటినుంచీ కంప్యూటరు లేవగానే తన ఒళ్ళు తానే తడిమి చూసుకుంటుంది. ఆ రోజుల్లో ఫలితం కూతల్లో చెప్పేది, ఇప్పటి బోర్డులు చాలావరకు దీపాలతో చెబుతాయి. ఒక్కొక్క పరీక్ష గట్టెక్కగానే ఒక్కొక్క దీపం ఆరిపోవాలి. మాకు ర్యాము దీపం దగ్గర ఆగిపోయింది. పాపం, యంత్రం మొదటినించీ తన జబ్బు చెప్పుకుంటూనే ఉన్నది. మూత తీసి విన్నవాడు లేడు.

ర్యాములు రెండున్నాయి. ఇక్కడ మా వాడు ఒక్క నియమం పెట్టాడు: "ఒకసారికి ఒక్క మార్పే." కాగితం తీసుకుని, రెంటికీ క, ఖ అని పేర్లు పెట్టాను. రెండూ తీసి, బంగారు అంచును రబ్బరుతో మెల్లిగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచాను. గాలి తేమకు అక్కడ మకిలి పడితే చాలుట, తెర వెలగదు. రెండూ మళ్ళీ పెట్టాను. చీకటి. 'ఖ' తీసేశాను. 'క' ఒక్కటే రెండో గాడిలో. చీకటి. అదే గాడిలో 'క' తీసి 'ఖ' పెట్టాను. ఒక నిమిషం ఏమీ లేదు. తియ్యబోతుంటే, "ఆగండి, ర్యాము మార్చినప్పుడు మొదటిసారి ఒకటి రెండు నిమిషాలు పట్టవచ్చు" అన్నాడు. ఆగాను.

తెర వెలిగింది.

మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నేను మాత్రం అక్కడితో ఆగలేదు. 'ఖ'ను రెండో గాడి నించి నాలుగో గాడిలోకి మార్చి చూశాను. వెలిగింది. 'క'ను అక్కడ పెట్టాను. చీకటి. అంటే గాడిలో తప్పు లేదు, బోర్డులో తప్పు లేదు. 'క' ఉంటే చీకటి, 'క' లేకపోతే వెలుగు. దీన్నే మన శాస్త్రాల్లో అన్వయ వ్యతిరేకాలంటారు. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు చెబుతున్న మాట. మొట్టమొదటిసారి చేత్తో చేసి చూశాను. దుకాణం అతను రెండు సామాన్లు ఒక్కసారిగా మార్చమన్నాడు. మారిస్తే వెలిగేదేమో కూడాను. కాని ఏది చెడిందో అతనికీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు.

డిస్కుకు అసలు జబ్బే లేదు. ర్యాము జ్ఞాపకం కరెంటు ఉన్నంతసేపే. డిస్కు జ్ఞాపకం కరెంటు పోయినా ఉంటుంది. అత్తగారి పాటలు ముప్ఫయ్యీ భద్రంగా ఉన్నాయి. ఇంకే పనీ చెయ్యకుండా ముందు వాటిని రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించాం. ఒకటి మా బీరువాలో, ఒకటి మా మరదలి ఇంట్లో. చదువరులకు నా మనవి కూడా ఇదే. సామాను మళ్ళీ కొనుక్కోవచ్చు. కొనుక్కోలేనిది ఏదైనా మీ యంత్రంలో ఉంటే, అది ఇవాళే మరి రెండుచోట్ల ఉంచండి. యంత్రం పాడైన రోజున కాదు.

'క'కు ఇంకా గ్యారంటీ ఉన్నదన్నాడు మా వాడు. బిల్లు కావాలి. నేను తలపట్టుకుంటే, మా ఆవిడ బియ్యం డబ్బా వెనకనించి ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. మూడేళ్ళనాటి బిల్లులన్నీ అందులో ఉన్నాయి.

"కంపెనీవాళ్ళు బిగించిందైతే మీరు మూత తీసి ఉండేవారా?" అని కూడా అన్నది.

ఆ రాత్రి మా వాడికి మళ్ళీ ఫోను చేశాను. క్షమించమని కొడుకును అడగడం మా వంశంలో లేదు. "ఒరే, మదర్‌బోర్డు మంచిదేరా. బిగించడం కూడా బాగా బిగించావు" అన్నాను.

వాడు కాసేపు ఊరుకుని, "ఆ పాట ఏది నాన్నగారూ, వెనకాల వినిపిస్తున్నది?" అన్నాడు.

"అమ్మమ్మదిరా" అన్నాను.