శబ్దవేధి

దశరథుడు సరయూతీరమున చీకటిలో కుండ మునుగు చప్పుడు విని, ఏనుగు నీరు త్రావుచున్నదని తలచి, బాణము వేసిన కథ ఎరుగని ఆంధ్రగృహము లేదు. ఆ రాత్రి ఆయన గురి తప్పలేదు. దిక్కు సరియే, దూరము సరియే. తప్పినదొక్కటే: ఆ శబ్దమెవరిదో ఆయన తెలిసికొనలేకపోయెను. నేడు యుద్ధనౌకల యడుగుభాగమున నమర్చబడుచున్న సోనారు అను యంత్రము పని యావత్తు ఈ మూడు ప్రశ్నలలోనే యిమిడియున్నది. ఎటు? ఎంత దూరము? ఎవరు? మొదటి రెంటికి పదార్థశాస్త్రము చక్కగా సమాధానము చెప్పుచున్నది. మూడవదానికి యంత్రము సాయమెంత యున్నను, నేటికిని మానవుని బుద్ధియు, అనుభవమును కావలసియే యున్నవి. 1982లో ఫాక్లాండు దీవుల యుద్ధమున బ్రిటిషు నావికులు తిమింగలములను జలాంతర్గాములని భ్రమించి వానిపై ఆయుధములు ప్రయోగించిరి. ముని కుమారుని కథ అంతటితో ముగియలేదన్న మాట.

2025 జూన్ 18వ తేదీన విశాఖపట్టణమున ‘అర్నాలా’ అను నౌకయు, అదే సంవత్సరము అక్టోబరు 6వ తేదీన ‘ఆంద్రోత్’ అను నౌకయు మన నౌకాదళమున ప్రవేశపెట్టబడినవి. తీరమునకు చేరువనున్న లోతు తక్కువ నీళ్లలో జలాంతర్గాములను వెదకుటయే ఈ తరగతి నౌకల ముఖ్యధర్మము. మేము చూచిన వార్తలలో నౌకల పొడవు, బరువు, వేగము, వానిలో స్వదేశీ వస్తువుల పాలు నూటికి ఎనుబదికి పైబడియుండుట, ఇవియెల్ల విరివిగా వ్రాయబడియుండెను. వాని చెవిని గూర్చి మాత్రము రెండు పంక్తులకు మించి కానరాలేదు. చెవి లేనిచో ఆ నౌక తక్కిన పరికరములన్నియు వృథా గదా! అందుచేత ఆ చెవిని గూర్చి నాలుగు మాటలు మా పాఠకులకు మనవి చేయుట యుక్తమని తోచినది.

నీటిలో కన్ను పని చేయదు. సూర్యుని వెలుగు ఎంత తేటనైన సముద్రములోను రెండువందల మీటర్లు దిగునప్పటికి దాదాపు అణగిపోవును. ఆకాశమున విమానములను పసిగట్టు రేడియో తరంగములను ఉప్పునీరు కొలది లోతులోనే మ్రింగివేయును. శబ్దమొక్కటే నీటికి లొంగక, నీటినే వాహనముగా చేసికొని పోవును. శబ్దము ఆకాశగుణమని మన తార్కికులు చెప్పిరి. కాని గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు పోవు ధ్వని సముద్రజలమున సుమారు 1,500 మీటర్లు పోవుచున్నది. దీనిని మొట్టమొదట శ్రద్ధగా కొలిచిన వారు కొల్లదోను, స్టర్ము అను నిరువురు. 1826లో జెనీవా సరస్సున నీటిలో గంట మ్రోగించి, అదే క్షణమున పైన తుపాకిమందు వెలిగించిరి. పదమూడు కిలోమీటర్లకు పైబడిన దూరమున రెండవ పడవలో నొకరు నీటిలో గొట్టము ముంచి చెవినొగ్గి కూర్చుండిరి. మంట కనుపించిన పిమ్మట గంట వినబడుటకు తొమ్మిదిన్నర సెకనులు మాత్రమే పట్టెను. ఒక గంట, ఒక గొట్టము, ఒక గడియారము. ప్రయోగశాలలు లేవని నిట్టూర్చు మన కళాశాల విద్యార్థులు ఈ సంగతిని గమనింతురు గాక.

ఆ వేగము తెలిసిన పిమ్మట మిగిలినది అంకగణితము. నౌకనుండి ఒక ధ్వనిని పంపుదము. అది పోయి యొక వస్తువునకు తగిలి ప్రతిధ్వనియై రెండు సెకనులలో మరలి వచ్చెననుకొందము. పోవుటకొక సెకను, వచ్చుటకొక సెకను. కాబట్టి ఆ వస్తువు 1,500 మీటర్ల దూరముననున్నది. దిక్కు తెలియుటకు ఒక్క చెవి చాలదు. వరుసగా పెక్కు చెవులను అమర్చినచో, ఏ చెవికి ముందు, ఏ చెవికి వెనుక ధ్వని చేరెనో, ఆ స్వల్పభేదమును బట్టి అది వచ్చిన దిక్కు లెక్కింపవచ్చును. తగిలిన వస్తువు మనవైపు వచ్చుచున్నచో మరలివచ్చిన ధ్వని కొంత హెచ్చుస్థాయిలోను, దూరమగుచున్నచో తగ్గుస్థాయిలోను వినబడును. రైలు కూత మనలను దాటిపోవునప్పుడు దాని స్వరము దిగిపోవుట అందరును వినియున్నదే.

1912 ఏప్రిలులో టైటానికు ఓడ మంచుకొండకు తగిలి సుమారు పదునైదువందల మందితో మునిగిన పిమ్మట ఈ విద్యకు త్వర కలిగెను. 1914 ఏప్రిలులో ఫెస్సెండెను అను శాస్త్రజ్ఞుడు అట్లాంటికు సముద్రమున తన యంత్రముతో ధ్వని పంపి, సుమారు రెండు మైళ్ల దూరమున నున్న మంచుకొండ ప్రతిధ్వనిని విననేర్చెను. మరి కొన్ని నెలలకే మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. జర్మను జలాంతర్గాములు వచ్చినవి. మంచుకొండను వెదకు విద్య శత్రువును వెదకు విద్యయైనది. ఫ్రాన్సున పాల్ లాంజివీను, పియరు క్యూరీ, అతని యన్న జాక్ క్యూరీ 1880లో కనుగొనిన ఒక వింతధర్మమును ఇందులకు వినియోగించెను. స్ఫటికపు బిళ్లను నొక్కినచో అందు విద్యుత్తు పుట్టును. విద్యుత్తు నిచ్చినచో అది కంపించును. అనగా ఒక్క బిళ్లయే నోరును, చెవియు కాగలదు. పియరు క్యూరీకి శిష్యుడైన లాంజివీను ఆ బిళ్లలను రెండు ఉక్కుపలకల నడుమ నిమిడ్చి తన యంత్రము చేసెను. గురువు యేమి ప్రయోజనమని యడుగక కనుగొనిన దానిని శిష్యుడు ప్రయోజనమున పెట్టెను. శాస్త్రపరిశోధనకు వెంటనే ఫలము చూపుమని యడుగు వారికి ఇంతకంటె చక్కని జవాబు మాకు తోచదు.

న్యాయస్థానములలో మేము నేర్చుకొనిన మొదటి పాఠము, విన్నమాట సాక్ష్యమునకు చెల్లదనుట. సముద్రగర్భమున విన్నది తప్ప వేరు సాక్ష్యమే లేదు! అయినను ఒక పోలిక చెప్పక తప్పదు. సోనారు రెండు విధములు. ధ్వనిని పంపి ప్రతిధ్వని కొరకు వేచియుండునది ఒకటి. తాను నోరు మెదపక, ఎదుటి నౌక యంత్రముల రొదను, చక్రముల సవ్వడిని ఆలకించునది మరియొకటి. మొదటిది అడ్డుప్రశ్న వేయు వకీలు వంటిది. ప్రశ్న వేసినవాడు తన మనసులోనిది కొంత బయట పెట్టక తప్పదు. సాక్షి తెలివైనవాడైనచో ప్రశ్నను బట్టియే వాదమును పసిగట్టును. అట్లే ధ్వని పంపిన నౌక తానున్న చోటును దూరమునకు చాటుకొనుచున్నది. ప్రతిధ్వని పోయి రావలెను; పంపిన ధ్వని ఒక్క దారి పోయిన చాలును. కాబట్టి వెదకువాడు వినుటకు ముందే వెదకబడువాడు వినును. అందువలననే జలాంతర్గాములు సాధారణముగా మౌనమునే ఆశ్రయించును.

ఇంతవరకు చెప్పినది పుస్తకములలోని సముద్రము. నిజమైన సముద్రము ఇంత తిన్ననిది కాదు. వెచ్చని నీటిలో ధ్వని వడిగా పోవును, చల్లని నీటిలో మెల్లగా పోవును. ఉప్పు హెచ్చినను, లోతు హెచ్చినను వేగము పెరుగును. వేగము మారిన చోట ధ్వని దారి వంగును, అదియు మెల్లగా పోవు పొరవైపునకు. పైనీరు ఎండకు వేడెక్కి క్రిందినీరు చల్లగా నున్నచో నౌక పంపిన ధ్వని క్రిందికి వంగిపోవును. కొంత దూరము దాటిన తరువాత పైభాగమున ధ్వని చేరని నీడ యేర్పడును. ఆ నీడలో జలాంతర్గామి యుండెనా, సోనారు ఎంత గొంతు చించుకొన్నను దాని జాడ దొరకదు. 1930 తరువాతి దశాబ్దమున అమెరికా నావికులకు క్యూబా తీరమున ఒక చిక్కు కలిగినది. ఉదయము చక్కగా పనిచేసిన యంత్రము మధ్యాహ్నము మూగవోవుచుండెను. భోజనానంతరము నావికులు కునుకుచున్నారేమో యని పైవారు శంకించిరట! తీరా నీటిని కొలిచి చూడగా, దోషము నావికులది కాదు, సూర్యునిది. పై కొలది మీటర్ల నీరు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కుటయే కారణము.

ఇది వినోదకథగా తోచవచ్చును. 1971 డిసెంబరు 9వ తేదీ రాత్రి అరేబియా సముద్రమున జరిగినది తలచుకొన్నవారికి అట్లు తోచదు. దీవు తీరమునకు దూరమున మన ‘ఖుక్రి’ యుద్ధనౌక పాకిస్తాను జలాంతర్గామి ‘హంగోరు’ను వెదకుచుండెను. ఖుక్రి బ్రిటనులో కట్టిన నౌక. దాని సోనారు బ్రిటిషు సోనారు. హంగోరు ఫ్రాన్సు దేశపు నిర్మాణము, అనగా లాంజివీను పుట్టిన గడ్డ చెవి. వేటాడబోయిన దాని చెవి కంటె వేటాడబడు దాని చెవి ఎక్కువ దూరము వినుచుండెను. తమ యంత్రపు కొరతను మన నావికులు ఎరుగకపోలేదు. వినికిడిని పెంచుటకు మన నౌకాదళపు టింజనీరొకడు చేసిన యొక పరికరము ఆ నౌకలోనే పరీక్షలో నుండెను. టార్పెడో తగిలిన కొలది నిముషములలో నౌక మునిగినది. కెప్టెను మహేంద్రనాథ ముల్లా నౌకను విడువక దానితోడనే పోయెను. పదునెనిమిది మంది అధికారులు, నూట డెబ్బదియారుగురు నావికులు మరి రాలేదు. ఆ పరికరమును చేసిన యువకుడును వారిలో నుండెను.

ఆ యుద్ధముననే, డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి, విశాఖపట్టణపు రేవు ముంగిట పాకిస్తాను జలాంతర్గామి ‘ఘాజీ’ మునిగినది. మన జయమును చాటుట కది అందరి నోటను నిలిచినది; ఖుక్రి పేరు అంతగా నిలువలేదు. మా యభిప్రాయమున మనకు పాఠము నేర్పినది ఘాజీ కాదు, ఖుక్రి.

పాఠము నేర్చిన వారున్నారు. నౌకాదళపు అధికారి ఆరోగ్యస్వామి పాల్‌రాజు మొదట ఆ బ్రిటిషు యంత్రమునే సంస్కరించి దాని వినికిడిని పెంచెను. పిమ్మట కొచ్చిలోని నౌకాదళ భౌతిక, సముద్రవిజ్ఞాన పరిశోధనాలయమున ‘అప్సో’ అను సోనారును నిర్మించు బృందమునకు నాయకుడయ్యెను. 1983 నాటికి ఆ యంత్రము సిద్ధమైనది. పెక్కు చెవుల వినికిడిని గణితముతో కలిపి రొదనుండి స్వరమును వేరుచేయు ఆ విద్య ఆయనతో అమెరికాకు పోయి, అక్కడ ఆయన చేతిలోనే పెక్కు యాంటెనాలతో సంభాషణ నడపు కొత్తపద్ధతికి దారితీసినది. నేటి సెల్‌ఫోనులు ఆ పద్ధతిపై నడచుచున్నవి. అప్సో తరువాత వచ్చిన సోనారునకు ‘హంస’ యని ధ్వనించు పేరు పెట్టిరి. పాలను, నీళ్లను వేరుచేయు పక్షి పేరు ఈ యంత్రమునకు తగినట్లు మరి దేనికిని తగదు. లోతు తక్కువ నీళ్ల నౌకలకై చేసిన దాని పేరు ‘అభయ్’. విశాఖపట్టణమున 1969లో నెలకొనిన నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల రూపొందించిన ‘వరుణాస్త్రము’ అను టార్పెడో సైతము తన ముక్కున నున్న సోనారుతోనే లక్ష్యమును వెదకికొనును.

యంత్రమును కట్టుకొంటిమి, సంతోషము. సముద్రమును ఎవరు కట్టి యిత్తురు? అట్లాంటికు నీళ్లను కొలిచి వ్రాసిన పట్టికలు మన బంగాళాఖాతమునకు చెల్లవు. గంగా బ్రహ్మపుత్రలు, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదుల వాన నీరు ఇందులో పడి, ఉప్పునీటికంటె తేలికయగుటచే మీగడవలె పైన తేలియుండును. శీతకాలమున ఉత్తరభాగమున ఆ పైపొర చల్లబడియు మునుగదు. పైన చల్లన, క్రింద వెచ్చన! అప్పుడు ధ్వని క్రిందికి వంగుటకు మారు పైకి వంగి ఆ పొరలోనే చిక్కుకొనిపోవును. పశ్చిమతీరమున మరియొక తీరు. ఋతువునకొక రీతిగా, రేవునకొక రీతిగా మారు ఈ నీటి తత్త్వమును పరదేశి మన కొరకు కొలిచి పెట్టడు. కొలిచినను తన యక్కరకు దాచుకొనును.

ఈ కొలత ఆంధ్రదేశమునకు కొత్త కాదు. 1952లో అమెరికా నుండి లాఫాండు అను సముద్రశాస్త్రజ్ఞుడు వాల్తేరు వచ్చి, భూగర్భశాస్త్రాచార్యులు మహాదేవను గారితో కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఈ విద్యకు పునాది వేసెను. మన తీరమునకు వెలుపల సముద్రపు వాలున ఉన్న లోయలను వర్ణించుచు ఆయన 1964లో ప్రకటించిన వ్యాసమున వానికి ‘ఆంధ్ర’, ‘మహాదేవను’, ‘కృష్ణ’ యని పేరులు కలవు. అడుగునకు ధ్వని పంపి ప్రతిధ్వని వినియే అట్టి లోయలను గుర్తించుట. మన పేరుతో లోయ యొకటి సముద్రములో నున్నదని మన ఉన్నత పాఠశాలలో ఎందరు బాలురకు తెలియును? హైదరాబాదునందలి జాతీయ సముద్ర సమాచార కేంద్రమునకు తేలుడు యంత్రములనుండి నీటి వేడిమి, ఉప్పుదనముల లెక్కలు నిత్యము చేరుచున్నవి. వానిలో బయటపెట్టదగినవానిని తెలుగులో పాఠముగా కూర్చి కళాశాలలకు, పఠనమందిరములకు పంపుట కష్టమైన పని కాదు. జెనీవా సరస్సు ప్రయోగమును చదువు బాలుడు తన యూరి సముద్రపు లెక్కను చదువుటకు ఏమి యడ్డు?

జాలరుల మాటయు నిదియే. చేపల కడుపులోని గాలితిత్తికి తగిలి మరలి వచ్చు ధ్వనియే మరపడవలలోని యంత్రపుతెరపై చుక్కలుగా కనబడును. హెచ్చుస్థాయి ధ్వని దగ్గరి వివరము చూపును, దూరము పోదు. తగ్గుస్థాయిది దూరము పోవును, వివరము చూపదు. ఈ రెండు మాటలు విప్పి చెప్పకుండ వేలకు వేలు పుచ్చుకొని యంత్రము నమ్మువారు, చెప్పి నమ్మవలెను.

నీటిలో చెవితో బ్రదుకునది మనుష్యు డొక్కడే కాదు. 2000 మార్చిలో బహామా దీవుల వద్ద అమెరికా నౌకల సోనారు మ్రోత తరువాత పదునేడు తిమింగలాది జీవములు ఒడ్డునకు కొట్టుకొనివచ్చెను. ఆ మ్రోతయే కారణమై యుండునని ఆ ప్రభుత్వమే మరుసటి యేట తన నివేదికలో నొప్పుకొనినది. మన గంగానదిలోని డాల్ఫినునకు కంటిలో కటకము లేదు. బురదనీటిలో అది తాను చేయు చప్పుడుల ప్రతిధ్వనితోనే దారియు, ఆహారమును వెదకికొనును. 2009లో దానిని జాతీయ జలచరముగా చేయ నిశ్చయించిరి. ప్రయాగనుండి హల్దియావరకు మొదటి జాతీయ జలమార్గమును తీర్చినదియు అది వసించు గంగలోనే. మరపడవల రొదవలన, నీరు తగ్గిన వేసవిలో ముఖ్యముగా, ఆ జీవములు తమ కూతలను మార్చుకొనవలసి వచ్చుచున్నదని 2019లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి తెలుపుచున్నది. అది వ్రాసినవారిలో మనవారున్నారు. జలమార్గపు టధికారులు దానిని చదివి పడవల వేగమును, సంఖ్యను, వేళలను నిర్ణయింపవలసియున్నది.