విద్యుత్తుకు గొలుసుకట్టు చెరువులు

2021 ఫిబ్రవరిలో కేరళకు ఒక కొత్త విద్యుత్ మార్గం ఏర్పడినది. తమిళనాడులోని పుగళూరు నుండి త్రిశ్శూరు వరకు సాగే ఈ మార్గం 2000 మెగావాట్లను 320 కిలోవోల్టుల వద్ద ఏకముఖ విద్యుత్తుగా, అనగా డి.సి.గా, మోయగలదు. ఇంటిని ఆనుకొని ఇల్లు, తోటను ఆనుకొని తోట ఉండే కేరళలో ఎత్తైన స్తంభాలకు జాగా దొరకుట కష్టం. అందుచేత కొంత దూరం తీగలను భూమిలో పాతవలసి వచ్చినది.

అక్కడనే చిక్కు వచ్చినది. పాత పద్ధతి థైరిస్టరు కేంద్రాలలో విద్యుత్తు నడిచే దిశను మార్చాలంటే వోల్టేజి ధ్రువాలనే తారుమారు చేయాలి. ప్లాస్టిక్ తొడుగు గల భూగర్భ కేబుళ్లకు అది సరిపడదు. ధ్రువాలను కదపకుండా ప్రవాహపు దిశను మాత్రమే మార్చగల పరివర్తకం కావలసి వచ్చినది. అటువంటి దానికి మ్యూనిక్‌లోని జర్మన్ సైనిక విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రైనర్ మార్క్వార్ట్ ఈ శతాబ్దపు ఆరంభంలో ఒక కొత్త రూపు కల్పించాడు. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం అడుగున వేసిన 400 మెగావాట్ల కేబుల్ మార్గంలో అది తొలిసారిగా ఆచరణకు వచ్చినది.

ఈ పరివర్తకానికి ఆరు భుజాలు: మూడు ఫేజులకు పైన ఒకటి, క్రింద ఒకటి. ఒక్కొక్క భుజంలో వందల మాడ్యూళ్లు వరుసగా కూర్చబడి ఉంటాయి. ప్రతి మాడ్యూలులో ఒక కెపాసిటర్, దానిని వరుసలో కలిపేందుకో తప్పించేందుకో రెండు ట్రాన్సిస్టరు స్విచ్చులు ఉంటాయి. ఒకదాని వెంట ఒకటి కలుపుతూ పోతే వోల్టేజి మెట్లు మెట్లుగా పెరుగుతుంది. తప్పిస్తూ పోతే మెట్లు దిగుతుంది. మెట్లు వందలైనప్పుడు ఆ రేఖ నునుపైన ఏ.సి. తరంగమే అవుతుంది.

అయితే వరుసలో కలిసిన ప్రతి కెపాసిటర్ గుండా భుజపు ప్రవాహం సాగుతుంది. ప్రవాహం ఒక దిశలో ఉంటే అది నిండుతుంది, ఎదురు దిశలో ఉంటే ఖాళీ అవుతుంది. పట్టించుకోకపోతే కొన్ని పొంగుతాయి, కొన్ని ఎండుతాయి. శక్తి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది గనుక వోల్టేజి 10 శాతం పెరిగితే దాచిన శక్తి 21 శాతం పెరుగుతుంది. హద్దు దాటితే స్విచ్చులు కాలిపోతాయి.

దీనికి ఉపాయం కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల కావలివానికి తోచేదే. వరద వచ్చినప్పుడు వెలితిగా ఉన్న చెరువుకు నీరు మళ్లించాలి. పొలానికి వదిలేటప్పుడు నిండుగా ఉన్న దాని తూము ఎత్తాలి. నియంత్రణ యంత్రం కూడా మాడ్యూళ్లను వోల్టేజి క్రమంలో పేర్చుకొని, ప్రవాహం నింపే దిశలో ఉంటే తక్కువ వోల్టేజి గల వానిని, ఖాళీ చేసే దిశలో ఉంటే ఎక్కువ గల వానిని ఎంచుతుంది.

ఇది ఒక భుజం లోపలి సంగతి. భుజానికి భుజానికి మధ్య కూడా సమతూకం ఉండాలి. కెపాసిటర్ల ఒడుదొడుకుల వలన మూడు ఫేజుల నడుమ, బయటికి కనిపించకుండా, ఒక ప్రవాహం సుళ్లు తిరుగుతుంది. మన 50 హెర్ట్జ్ వ్యవస్థలో అది ప్రధానంగా 100 హెర్ట్జ్‌తో కదలి, ఎవరికీ అందని విద్యుత్తును వేడిగా వృథా చేస్తుంది. దానిని అణచాలి. కాని పూర్తిగా రూపుమాపరాదు. అదే సుడిలోని డి.సి. అంశం ఒక ఫేజు నుండి మరొక ఫేజుకు శక్తిని చేరవేస్తుంది. 50 హెర్ట్జ్ అంశం పై భుజానికీ క్రింది భుజానికీ తూకం సరిచేస్తుంది. హాని చేసే దానిని ఆపి, మేలు చేసే దానిని కొలిచి పంపుటలోనే ఇంజనీరు నేర్పు ఉన్నది.

వ్యవధి మాత్రం బహు స్వల్పం. ఇటువంటి పరివర్తకాలు సాధారణంగా ప్రతి మెగావోల్ట్ ఆంపియర్‌కు 30 నుండి 40 కిలోజౌళ్ల శక్తిని దాచుకుంటాయి. పూర్తి సామర్థ్యంతో వాడితే అది సెకనులో 25వ వంతు కాలానికైనా మించదు. ఏ.సి. తరంగం రెండు మార్లు ఊగేలోపల నిల్వ హరించుకుపోతుంది. అందుచేత లెక్క నిమిష నిమిషానికి కాదు, సెకనుకు వేల మార్లు చూడాలి. ఒకటి రెండు మాడ్యూళ్లు చెడినా వానిని తప్పించి, అదనంగా ఉంచిన వానితో పని సాగిస్తారు. దీపం ఆరకుండుటకు కారణం విద్యుత్తు సమృద్ధి ఒక్కటే కాదు. ఎవరి పాలు వారికి సకాలంలో అందించే పంపకం కూడా.